చలిగాలి హెచ్చరిక

తెలుగు భాషలో మంచు అను మాట ఒక్కటే నాలుగైదు పనులు చేయుచున్నది. తెల్లవారుజామున గరికపై నిలిచిన నీటిబిందువులు మంచు. చెరువుమీద పొగవలె కమ్ముకొనునదియు మంచు. దానినే పొగమంచు అందుము. హిమాలయ శిఖరములను కప్పియున్నది మంచు. పండ్లరసము అమ్మువాడు గోనెపట్టాలో చుట్టి యుంచి, సుత్తితో పగులగొట్టునదియు మంచే. దానికి గడ్డ అను మాట చేర్చి మంచుగడ్డ అందుము. ఈ పొదుపు వలన మనకు ఇంటివద్ద చిక్కేమియు లేదు. పుష్యమాసమున దేవరయాంజాల్ గ్రామస్థు డొకడు "నేడు మంచు బాగుగా కురిసినది" అన్నచో, గడ్డివాము తడిసినదనియు, దారి కనబడుట లేదనియు వినువారికి తెలియును. అదే మాటను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున చదువుకొనుచున్న తెలుగు విద్యార్థి తల్లికి ఫోనులో చెప్పినచో అర్థము వేరు. అతని వాకిట మోకాలిలోతు హిమము పడియున్నది. తలుపు తెరచుకొనుట లేదు.

అచ్చటి శీతకాలపు వాతావరణ సూచనలో "హిమపాతము, బలమైన గాలులు, ప్రాణాపాయకరమైన చలి" అను మూడు మాటలు తరచు కలిసి వచ్చును. మన సూచనలో "కొన్ని జిల్లాలలో అక్కడక్కడ చలిగాలులు వీచు అవకాశము కలదు" అని యుండును. మొదటిది భయంకరముగను, రెండవది మెత్తగను వినబడును. కాని రెండింటిని కట్టిన శాస్త్రము ఒక్కటే. రెండింటి వెనుకను మనుష్యుల ప్రాణములు కలవు. మన సూచనను చదువుట నేర్చినవానికి వారి సూచనయు అర్థము కాగలదు. కావున మన ఊరినుండియే మొదలుపెట్టుదము.

దేవరయాంజాల్ సికింద్రాబాదునకు ఉత్తరముగా, శామీర్‌పేటకు చేరువలో, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో నున్నది. సీతారామస్వామి దేవాలయము వలన పేరు పొందిన గ్రామము. సముద్రమునకు చాల దూరము. ఈ ప్రాంతమంతయు దక్కను పీఠభూమిమీద, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన ఎత్తున నుండుటచే, చలికాలపు రాత్రులు కోస్తా జిల్లాలలో కంటె ఇచ్చట చల్లగా నుండును.

పగలు సూర్యుని వేడిని గ్రహించిన నేల, ప్రొద్దు గ్రుంకినది మొదలు ఆ వేడిని ఆకాశమునకు విడిచిపెట్టుచుండును. ఆకాశమున మబ్బులున్నచో అవి ఆ వేడిలో కొంత భాగమును తిరిగి నేలకు పంపును. అవి నేలకు కప్పిన దుప్పటి వంటివి. మబ్బు లేక, గాలి ఆడక, తేమ తక్కువగా నున్న రాత్రి ఆ దుప్పటి యుండదు. రాత్రి యంతయు వేడి పోవుచునే యుండును. అందుచేత మిక్కిలి చల్లని గడియ అర్ధరాత్రి కాదు. సూర్యోదయమునకు ఇంచుక అటునిటు. నక్షత్రములు మిలమిల మెరయుచు స్పష్టముగా కనబడిన రాత్రి, మరునాటి తెల్లవారుజామున గొంగడి విడువరాదని మన కురుమ గొల్లలు ఏ యంత్రమును చూడకయే చెప్పగలరు. చల్లబడిన గాలి బరువైనది గనుక పల్లమునకు జారి నిలుచును. చెరువు దిగువ పొలములలో చలి మిక్కుటముగా నుండుటకు కారణ మిదియే.

నగరములో సంగతి వేరు. సిమెంటు గోడలును, తారు దారులును పగటి వేడిని దాచుకొని రాత్రి మెల్లగా విడుచును. కావుననే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పొలములందును, రాజేంద్రనగరపు వ్యవసాయ క్షేత్రములందును ఉన్న ఉష్ణమాపకములు చలికాలమున బేగంపేటలోని దానికంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపుట తరచు జరుగుచుండును. హైదరాబాదు ఉష్ణోగ్రత యని పత్రికలో చదివిన అంకె శివారు గ్రామముల అంకె కానక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది నేల తనంతట తాను చల్లబడుట. దీనికి తోడు బయటినుండి వచ్చు చలి యొకటి కలదు. మధ్యధరా సముద్రపు దిక్కునుండి బయలుదేరిన వాయుమండల అలజడులు, ఇరాను, ఆఫ్ఘనిస్తానముల మీదుగా శీతకాలమున మన దేశపు వాయవ్య భాగమునకు వచ్చును. వీటిని పశ్చిమ అలజడులు అందురు. కాశ్మీరమునను, హిమాచల ప్రదేశమునను హిమము కురిపించునవి ఇవియే. అవి తూర్పునకు దాటిపోయిన పిదప, వాటి వెనుక చల్లని పొడిగాలి ఉత్తర మైదానములమీద పరచుకొని, మధ్యప్రదేశము, విదర్భ దాటి గోదావరిని చేరును. అందుకే ఆ చలి మొదట ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలను తాకి, పిదప మెదకు మీదుగా మన వైపునకు దిగును. కాశ్మీరమున హిమము పడినదని విన్న రెండు మూడు దినములకు ఇచ్చట గాలి మారుట పెక్కుమారులు చూడవచ్చును. ఇందుకు భిన్నముగా బంగాళాఖాతమున అల్పపీడన మేర్పడి తూర్పుగాలి వీచినచో మబ్బులు వచ్చును. చలి ఒక్కసారిగా తగ్గును.

మరి మనకు హిమము ఏల పడదు? పిల్లలు తప్పక అడుగు ప్రశ్న యిది. హిమపాతమునకు రెండు వలయును. మేఘములో చాలినంత తేమ యుండవలెను. ఆ మేఘము మొదలుకొని నేల దాకను గాలి సున్న డిగ్రీకి దగ్గరలో నుండవలెను. మన దేశభాగమున గాలి చల్లగా నున్నప్పుడు పొడిగా నుండును; తేమ వచ్చినప్పుడు అది వెచ్చని సముద్రమునుండి వచ్చును గనుక చలిని తరిమివేయును. ఈ రెండును ఒకనాడు కలిసికొనవు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున నుండుటచే అచ్చట కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నను సమీపించి, ఆకులమీది బిందువులు తెల్లగా పేరుకొనును. ఆ ఊరికి కొర్రబయలు అను మారుపేరు కలదు. బయట నిలిచినవాడు కొర్రువలె బిగిసిపోవునని దాని భావమట. వార్తాపత్రికలు దీనిని హిమపాతమని వ్రాయుట కలదు గాని, అది ఆకాశమునుండి కురిసినది కాదు, నేలమీదనే పేరినది.

ఇక కొలత. ఉష్ణమాపకమును ఎండలోను, నేలమీదను పెట్టరాదు. తెల్లరంగు వేసిన, నాలుగు ప్రక్కల గాలి ఆడు రేకుల వంటి చెక్కలు గల పెట్టెలో, మనిషి ఛాతీ యెత్తున దానిని ఉంచుదురు. ఈ పెట్టెను స్టీవెన్‌సన్ తెర అందురు. దీనిని కల్పించిన థామస్ స్టీవెన్‌సన్ దీపస్తంభములు కట్టిన ఇంజనీరు. ట్రెజర్ ఐలండ్ అను నవలను వ్రాసిన రచయితకు తండ్రి.

రాత్రి యంతయు ఎవరును మేలుకొని చూడకుండ అత్యల్ప ఉష్ణోగ్రతను తెలిసికొనుట ఎట్లు? ఇందులకు కనిష్ఠ ఉష్ణమాపకము కలదు. దాని గొట్టములో పాదరసమునకు బదులు ఆల్కహాలు ఉండును. పాదరసము సున్నకు దిగువ 39 డిగ్రీల వద్దనే గడ్డకట్టును. ఆల్కహాలు అంతకంటె ఎంతో చల్లనైనను ద్రవముగా నుండును. గొట్టమును అడ్డముగా పరుండబెట్టుదురు. ఆల్కహాలు లోపల రెండు కొనలు లావైన చిన్న గాజుపుల్ల యొకటి యుండును. చలికి ఆల్కహాలు ముడుచుకొని వెనుకకు పోవునప్పుడు దాని యంచుననున్న పొర ఈ పుల్లను తనతో లాగుకొని పోవును. తెల్లవారిన పిదప ఆల్కహాలు వ్యాకోచించి పుల్లను దాటి ముందుకు పారును గాని పుల్లను కదల్పదు. పుల్ల నిలిచిన చోటు ఆ రాత్రి కనిష్ఠము. ఉదయము 8 గంటల 30 నిమిషములకు చదివి వ్రాసికొని, గొట్టమును వంచి పుల్లను మరల యథాస్థానమునకు చేర్చుదురు. ఇప్పుడు విద్యుత్తుతో పనిచేయు స్వయంచాలక కేంద్రములు ఎన్నియో వచ్చినవి. అయినను ఈ గాజుపుల్ల పనితనమును మించిన సరళమైన ఉపాయమును నేను చూడలేదు.

ఇట్టి కొలతలు దేశమంతట ఒకే తీరున సాగుటకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. ఏండ్ల తరబడి వ్రాసిన అంకెలనుండి ఏ తేదీకి ఏ ఊరిలో ఎంత యుండుట సాధారణమో తేల్చినారు. బేగంపేటలో డిసెంబరు, జనవరి నెలల కనిష్ఠము సగటున 15 డిగ్రీలకు కొంచె మటునిటుగా నుండును. మైదాన ప్రాంతమున కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు గాని, అంతకు తక్కువ గాని యుండి, సాధారణము కంటె 4.5 మొదలు 6.4 డిగ్రీల వరకు తగ్గినచో శాఖవారు దానిని చలిగాలి యని ప్రకటింతురు. అంతకంటె ఎక్కువ తగ్గినచో అది తీవ్రమైన చలిగాలి. సాధారణముతో నిమిత్తము లేక, 4 డిగ్రీలకు దిగినను చలిగాలియే. 2 డిగ్రీలకు దిగినచో తీవ్రమైనది. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీ నాటి 6.1 డిగ్రీలు. సాధారణము కంటె అది ఎంత తక్కువయో మీరే తీసివేసి చూడుడు.

ఇచ్చట ఒక మాట. చలిగాలి యను పేరు విని గాలి హోరున వీచుననుకొనరాదు. పైన చెప్పినట్లు, మన చలిగాలి రాత్రులలో పెక్కు రాత్రులు ఆకు కదలనివి. పేరు గాలిది, పని చలిది.

రేపటి చలిని నేడు చెప్పుటకు నేలమీది కొలతలు మాత్రము చాలవు. హైదరాబాదు మొదలైన చోట్లనుండి పరికరములు కట్టిన బెలూనులను పైకి విడుతురు. అవి ఎత్తున గాలి స్థితిని రేడియో ద్వారా తెలుపును. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోటనుండి ఎగిరిన ఇన్‌శాట్-3డీఎస్ వంటి ఉపగ్రహములు మేఘములను కనిపెట్టును. ఈ అంకెలన్నియు మహాగణకయంత్రములకు చేరి సూచనగా వెలువడును. పిదప జిల్లాలవారీగా రంగులు వేయుదురు. ఆకుపచ్చ యన్నచో హెచ్చరిక లేదు. పసుపు గమనించుచుండుమని, నారింజ సిద్ధముగా నుండుమని, ఎరుపు వెంటనే పని ప్రారంభింపుమని తెలుపును.

అంతవరకు శాస్త్రవేత్తల పని. అటుపిమ్మట సూచన మనుష్యుల చేతిలో పడును. ఎరుపు రంగు గీసిన క్షణమునకును, ఒక ఇంటివారు తలుపు మూసికొని పిల్లలను లోపల ఉంచు క్షణమునకును నడుమ ఎంత కాలము గడచునో, ప్రాణములు నిలుచుట యందే ఆధారపడియుండును. ఇందుకు రెండు ఉదాహరణములు అమెరికానుండి చూడుడు. అవి నూటముప్పది నాలుగేండ్ల యెడముతో జరిగినవి.

1888 జనవరి 12వ తేదీ. డకోటా, నెబ్రాస్కా మైదానములలో నాటి ఉదయము చలికాలమునకు తగనంత వెచ్చగా నుండెను. అంతకుముందు కొన్ని దినములు చలికి ఇండ్లలో మ్రగ్గిన బాలబాలికలు బరువైన కోటులు విడిచి బడులకు పోయిరి. నాడు కొన్ని గంటల వ్యవధిలో వాయవ్యమునుండి తుపాను విరుచుకొని పడెను. పిండివలె మెత్తని హిమము గాలిలో సుడులు తిరిగి, చాచిన చేయి తనకే కనబడని స్థితి వచ్చెను. ఉష్ణోగ్రత సున్నకు ఎంతో దిగువకు పడిపోయెను. బడినుండి ఇంటికి బయలుదేరిన పిల్లలు దారి తప్పి పొలములలో పడిపోయిరి. మృతులు 235 మంది యని లెక్క. చాలమంది పిల్లలగుటచే దానికి బడిపిల్లల హిమతుపాను అను పేరు వచ్చెను. నాటి సూచనలు సైన్యపు సిగ్నల్ దళమువారు ఇచ్చుచుండిరి. సెయింట్ పాల్ నగరమునుండి శీతల తరంగ హెచ్చరిక వెలువడినది. కాని అది తంతి తీగ యున్న చోటికే చేరగలదు. మైదానములోని ఒంటరి యిండ్లకు, ఒంటరి బడులకు తెలుపు మార్గము లేకపోయెను. నెబ్రాస్కాలో మిన్నీ ఫ్రీమన్ అను పడుచు ఉపాధ్యాయిని, బడి కప్పు గాలికి లేచిపోగా, పిల్లలందరిని వెంటబెట్టుకొని సమీపమందలి రైతు ఇంటికి క్షేమముగా చేర్చెను. ఆమె వారిని త్రాటితో ఒకరికొకరిని కట్టి నడిపించెనని కథగా చెప్పుకొందురు. బడిపంతులుగా బ్రతికినవానిని గనుక ఈమె పేరు చదివినప్పుడెల్ల నాకు చేతులు జోడింప బుద్ధి పుట్టును.

రెండవది 2022 డిసెంబరు నాటిది. క్రిస్‌మస్ పండుగ ముందు ఉత్తర అమెరికాను గొప్ప శీతకాలపు తుపాను చుట్టుముట్టెను. న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో నగర ప్రాంతమున 40 మందికి పైగా మరణించిరి. కొందరు కార్లలో చిక్కుకొని, కొందరు వీధులలో పడిపోయి, కొందరు విద్యుత్తు లేని ఇండ్లలో చలికి చనిపోయిరి. ఈసారి సూచన ఆలస్యము కాలేదు. శాస్త్రజ్ఞులు కొన్ని దినములు ముందుగానే స్పష్టముగా చెప్పిరి. ప్రయాణములను నిషేధించు ఆజ్ఞ మాత్రము డిసెంబరు 23 ఉదయము 9 గంటల 30 నిమిషములకు గాని అమలులోనికి రాలేదు. అప్పటికి జనులు పనులకు బయలుదేరి పోయియుండిరి. మొదటిసారి హెచ్చరిక నడువలేకపోయినది. రెండవసారి హెచ్చరిక వచ్చి వాకిట నిలిచినను మనుష్యులు లేచుట ఆలస్యమైనది.

అట్టి సూచనలలో గాలిని ప్రత్యేకముగా చెప్పుటకు కారణ మున్నది. మన శరీరము తనచుట్టు పలుచని వెచ్చని గాలిపొర నొకటి నిలుపుకొనును. వీచుగాలి దానిని ఎప్పటికప్పుడు ఊడ్చివేయును. వేడి అన్నపు పళ్లెమును విసనకఱ్ఱతో విసరినచో త్వరగా ఆరుటయు ఇందువలననే. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీచినచో, చర్మమునకు అది గాలి లేని 28 డిగ్రీల దిగువ చలివలె తోచును. అరగంటలో ముక్కు, చెవులు, వ్రేళ్లు గడ్డకట్టవచ్చును. మన గొంగడి గొప్పతనము ఈ గాలిపొరను కాపాడుటయందే కలదు. ఉన్నిపోగుల సందులలో గాలి చిక్కి కదలక నిలుచును. వేడిని కాపాడునది ఉన్నికంటె ఎక్కువగా ఉన్నిలోని గాలియే.

మంచు అను మాట తెచ్చు ప్రమాదమును గూర్చి మొదట సూచించితిని. 2022 డిసెంబరు 26న అరిజోనా రాష్ట్రమున వుడ్స్ కాన్యన్ అను సరస్సుమీద గడ్డకట్టిన నీటిపై నడచుచు, గడ్డ విరిగి ముగ్గురు తెలుగువారు నీటిపాలైరి. నీటికి ఒక విచిత్ర స్వభావము కలదు. అది 4 డిగ్రీల వద్ద మిక్కిలి బరువుగా నుండును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయై పైకి వచ్చి, పైననే గడ్డకట్టును. లోపల నీరు నీరుగానే యుండును. పై గడ్డ ఒకచోట జానెడు, ఇంకొకచోట అంగుళము దళసరి యుండవచ్చును. పైన హిమము కప్పినచో కంటికి భేదము తెలియదు. నీరు గడ్డకట్టని దేశమున పుట్టినవారికి ఈ భేదము అనుభవమున రాదు. కావున చదివియైనను తెలిసికొనవలసియున్నది. పెద్దలైన పిదప మీలో ఎందరో ఆ దేశములకు పోవుదురు.

ఇట్లని చలి విదేశముల వ్యవహార మనుకొనరాదు. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడినచో ప్రాణాపాయము. బయట 8 డిగ్రీలున్నను, తడిబట్టలతో, ఖాళీ కడుపుతో, నేలపై పరుండిన వృద్ధునికి అది సంభవింపవచ్చును. మిన్నెసోటావాని ఇంటిలో వేడిగాలి గొట్టములు కలవు. ఇటుకబట్టీ ప్రక్కన పట్టాల గుడిసెలో నిద్రించు కూలివాని బిడ్డకు అవి లేవు. అంకెలు పోల్చువారు ఈ సంగతి మరచుట కలదు. "శివరాత్రికి చలి శివశివా యని పోవు" నని పెద్దలందురు. ఋతువు లెక్కకు ఆ సామెత చాలును. కాని ఈ వారములో ఏ రాత్రి గడ్డురాత్రియో అది చెప్పదు. పసుపు, నారింజ రంగులు అందులకే.

మేడ్చల్, శామీర్‌పేటల చుట్టు కోళ్ల షెడ్లు కలవు. పొదిగిన మొదటి వారమున కోడిపిల్లకు 32 మొదలు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. సూచన ముందుగా తెలిసినవాడు తెరలు దింపి, దీపములు పెంచును. తెలియనివాడు తెల్లవారి గుంపుగా చచ్చిన పిల్లలను ఏరుకొనును. దేవరయాంజాల్ పరిసరములలో గోదాములు పెరిగినవి. వాటికి రాత్రి కాపలావారు కలరు. చలికి తాళలేక కుంపటి రాజేసి, గది తలుపులు, కిటికీలు బిగించి పరుండుట వారిలో కొందరికి అలవాటు. బొగ్గు చాలినంత గాలి లేక కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హిమోగ్లోబినును ఆమ్లజని కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిద్రించినవాడు మేలుకొనకయే పోవును. చలిమంట బయట వేసికొనవలెను. లోపల పెట్టినచో కిటికీ తెరచియుండవలెను, పరుండుటకు ముందు ఆర్పివేయవలెను.

యాసంగి వరి నారుమడులు డిసెంబరులోనే పోయుదురు గనుక చలిదెబ్బ వాటికి తప్పదు. ఆకులు పసుపెక్కి ఎదుగుదల నిలిచిపోవును. హెచ్చరిక వచ్చిన రాత్రి మడిమీద కఱ్ఱల ఊతతో ప్లాస్టిక్ పట్టా కప్పి, ఉదయము పొద్దెక్కిన పిదప తీసివేయవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రాత్రి చల్లబడిన నీటిని ఉదయముననే తీసివేసి, బావినీరు పెట్టవలెను. భూమిలోతునుండి వచ్చిన ఆ నీరు చలికాలపు ఉదయమున చేతికి గోరువెచ్చగా తగులును.